తెల్లది ఎటు పోవాలి

మొదటి పాఠం

అనసూయ టీచరమ్మకు రాస్తున్నాను. మీ బదులు పాఠం చెప్పేవాళ్ళు జరిగింది జరిగినట్టు ఈ పలకలో రాసిపెట్టాలని మీరు కాన్పుకు వెళ్తూ చెప్పారట. నేను ఈదమ్మను, నీళ్ళు కాచే మరుగు గది ఇస్తారి మేస్త్రీ కోడలిని. దిగువవాడ నుంచి ఎగువవాడకు వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. కొత్త కోడలికి పని వంతు పడేదాకా, టీచరమ్మ లేనప్పుడు చిన్న పిల్లల గది ఆమెకే అప్పజెబుతారని అత్తమ్మ చెప్పింది. పిల్లల నోట పడితే వాడంతా నిన్ను ఎరుగుతుంది అని నవ్వింది కూడా. నేను చదివింది ఐదు వరకే. రాతలో తప్పులుంటే దిద్దుకోండి.

పిల్లలు మంచివాళ్ళే. కానీ నేను నోరు తెరిచినప్పుడల్లా నా పళ్ళవైపే చూశారు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడాను. వెనక వరసలో వాళ్ళకు వినబడలేదు. మా దిగువవాడలో దాదాపు అందరి పళ్ళ మీదా గోధుమరంగు చారలుంటాయి కాబట్టి అక్కడ ఎవరూ ఎవరి పళ్ళనూ చూడరు. ఇక్కడికి వచ్చాకే నా నోట్లో పళ్ళున్నాయని నాకు తెలిసింది.

పుస్తకంలో నీళ్ళ పాఠం వచ్చింది. సముద్రం, మబ్బు, వాన, నది బొమ్మలు చూపించాను. భిక్షపతి చాలాసేపు సముద్రాన్నే చూసి, అన్ని నీళ్ళకు మూత ఎందుకు పెట్టలేదని, ఆ పూట కావలి ఎవరిదని అడిగాడు. పై నుంచి అన్ని చుక్కలు పడుతుంటే ఒక్కరన్నా గిన్నె పట్టుకుని బయటికి రాలేదేమని ఇంకో పిల్ల అడిగింది. మబ్బంటే ఏమిటో నాకూ తెలియదు. మన తలల మీద రాతి కప్పు, పగటి దీపాలు తప్ప నేను మాత్రం ఏం చూశాను? సిగ్గేసి పుస్తకం మూసేశాను.

రెండో పాఠం

పుస్తకం పక్కన పెట్టి, మన నీళ్ళు ఎటు తిరుగుతాయో అదే చెప్పాను. తాగిన నీళ్ళు చెమటగా, ఊపిరిగా, ఉచ్చగా బయటికి వస్తాయి. గోడల మీద పట్టిన తేమను తుడుపు గుడ్డలు పీల్చుకుంటాయి. అన్నీ కాలువలో పడి మరుగు గదికి చేరతాయి. అక్కడ మామయ్య వాటిని కాస్తారు. ఆవిరి పైకి లేచి చల్లటి గొట్టాలకు తగిలి, చుక్కలై తొట్టిలో పడుతుంది. దాన్నే మళ్ళీ తాగుతాం. తరుగు పడినప్పుడు దిగువవాడ గని నుంచి మంచు గడ్డలు వస్తాయి, వాటినీ కాస్తారు.

వింటూ కూర్చునే పిల్లలు కారు కదా. నేల మీద సుద్దతో పెద్ద కుండ గీసి, మీరే నీళ్ళు, ఆడండి అన్నాను. ఎవరు చెమట, ఎవరు ఉచ్చ అన్న దగ్గరే గొడవ మొదలైంది. భిక్షపతి తనంతట తానే ఉచ్చ అయ్యాడు. మిగిలినవాళ్ళు ముక్కు మూసుకుని వాణ్ణి దూరం నిలబడమన్నారు. వాడు తగ్గలేదు.

“పొద్దుగాల నువ్వు తాగింది మా తాత ఉచ్చనే. ఏమన్న అయ్యిందా నీకు?”

పిల్లలతో పాటు నేనూ నవ్వాను. నవ్వాక కొంగు జారిందని చూసుకున్నాను. ఎవరూ నా పళ్ళవైపు చూడలేదు.

కుండ కింద మంట అని నేను చెయ్యి ఊపగానే అందరూ ఆవిరై బల్లల మీదికి ఎక్కారు. మా ఇంట్లో మరిగించిన గిన్నె అడుగున తెల్లటి పొర మిగలడం నాకు గుర్తు. అందుకని రేణ అనే చిన్నపిల్లను తెల్లదానిగా పెట్టాను. ఉప్పు, మన్ను పైకి లేవవు, అడుగునే ఉంటాయి అని చెప్పాను. ఆవిరి పిల్లలు చుక్కలై దూకారు, తొట్టిలో పడ్డారు, మళ్ళీ ఆట మొదటికి వచ్చింది. రేణ మాత్రం సుద్ద కుండలో ఒక్కతే కూర్చుంది. కాసేపు ఓపిక పట్టి, తర్వాత కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది.

“అందరు పోయిన్రు. మరి నేనెటు పోవాలె, టీచరమ్మా?”

నాకు తెలియదన్నాను. మామయ్యను అడిగి చెప్తానని మాటిచ్చాను. ఇంటికి వస్తూ దారి పొడుగునా భయపడ్డాను. మామయ్యతో నేను ఇంతవరకు ఎదురు నిలబడి మాట్లాడింది లేదు.

మూడో పాఠం

మామయ్యను అడగలేక అత్తమ్మను అడిగాను. ఆమె కడుపుబ్బా నవ్వింది.

“అదేమన్న పారబోసేదనుకున్నవా బిడ్డా? అదే సత్తువ. మీ అమ్మోళ్ళింటికి పోయేది అదే.”

సత్తువ నీళ్ళ గురించి మీకు తెలిసే ఉంటుంది. వేరే తొట్టి నీళ్ళు తాగి పెరిగిన పిల్లను కోడలిగా తెచ్చుకుంటే, ఆమె పుట్టింటికి నెల నెలా ఒక పీపా పంపుతారు. ఆవిరి నీళ్ళు పేరుకే నీళ్ళు, బలమంతా అడుగునే ఉంటుంది, బిడ్డనిచ్చిన ఇంటికి ఆ బలం పోవాలి అని పెద్దలు పెట్టిన మర్యాద. పంపే ఇంటివాళ్ళు అందులో ఒక్క గుక్క కూడా రుచి చూడరు, అది అవతలివాళ్ళ సొత్తు. మా ఇంట్లో పీపా వచ్చిన రోజు పండగే. పసుపు బొట్లు పెట్టి దింపుకుంటాం. కడుపుతో ఉన్నవాళ్ళకు మొదటి గ్లాసు, తర్వాత పిల్లలకు, తర్వాత నాయనమ్మకు. కాస్త చేదుగా ఉంటుంది. బలం ఎప్పుడూ చేదే అనేది అమ్మ. నేను ఆ నీళ్ళతోనే పెరిగాను. అవి మరుగు గది అడుగువని మాత్రం నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా చెల్లెలు మణెమ్మ తొలి కాన్పుకు అమ్మ దగ్గరికి వచ్చి ఉంది. అందుకని మామయ్య ఈసారి పీపాను ఇంకా గట్టిగా కాచారని అత్తమ్మ చెప్పింది. మామూలుగా దించే దగ్గర దించకుండా, చిక్కబడేదాకా పక్కనే కూర్చున్నారట. నా చెల్లెలి కోసం ఆయన అంత చేస్తారని అనుకోలేదు.

ఆ సంతోషంతోనే బడికి వెళ్ళాను. నువ్వు మా అమ్మవాళ్ళింటికి పోతావు అని రేణకు చెప్పాను. తలుపు దగ్గర బల్ల వేసి అదే దిగువవాడ అనుకోమన్నాను. రేణ గర్వంగా నడుచుకుంటూ వెళ్ళి అక్కడ కూర్చుంది. ఆట చక్కగా తిరుగుతోంది కానీ, ఆ పిల్ల మళ్ళీ అక్కడే ఆగిపోయింది. ఇప్పుడెటు అంది.

తాగేస్తారు అన్నాను. తాగితే ఉచ్చవుతుంది, మళ్ళీ వాళ్ళ మరుగు గదికి పోతుంది అన్నాడు భిక్షపతి. దిగువవాడలో మరుగు గది లేదని చెప్పాను. వాడ నీళ్ళన్నీ కాచేంత మంట ఎగువనే ఉంది. మా దగ్గర వాడిన నీళ్ళు గుంటలో పడితే గుడ్డలో, ఇసుకలో వడకట్టి మళ్ళీ తాగుతాం. అయితే తెల్లది ఇసుకలో ఆగుతుందా అని ఎవరో అడిగారు. చూద్దాం అన్నాను. మా ఆయనను అడిగి మరుగు గది నుంచి చెంబెడు అడుగు నీళ్ళు తెప్పించాను. గుడ్డ కట్టి, ఇసుక పోసి, ఒకటికి రెండుసార్లు వడకట్టాం. నీళ్ళు తేటగా దిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తేట నీళ్ళను పొయ్యి మీద పెట్టి ఇగిరేదాకా కాచాం. గిన్నె అడుగున తెల్లగా, మందంగా పొర కట్టింది. ఇసుకలో ఏమీ ఆగలేదు.

రేణ బల్ల మీద నుంచి దిగి వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

“అయితె నేను బయటికి రానే రాను. మీ అమ్మోళ్ళ ఒంట్లనే ఉంట.”

పిల్లలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగింది. తర్వాత పాఠం ఏం చెప్పానో, పిల్లలను ఎప్పుడు పంపించానో గుర్తులేదు. గిన్నె కడగకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను.

నాలుగో పాఠం

పాఠం చెప్పలేదు. పిల్లలను లెక్కలు చేసుకోమని కూర్చోబెట్టి, నేను మా వాడను తలుచుకుంటూ కూర్చున్నాను.

మా ఇల్లు సత్తువకు పేరున్న ఇల్లు. మా మేనత్తలందరినీ ఎగువకే ఇచ్చారు, తర్వాత నన్ను. ఎన్ని పీపాలు దిగితే అంత గొప్ప. మా నాయనమ్మ నడుము ఎంత వంగిపోయిందంటే అన్నం తింటున్నా నేలవైపే చూస్తుంది. మా తమ్ముడు లింగం కాళ్ళు మోకాళ్ళ దగ్గర బయటికి వంగి, నిలబడితే మధ్యలో నుంచి మేకపిల్ల దూరుతుంది. మా వంశంలో అంతే, బరువైన ఎముకలు అనేవాళ్ళు.

బుచ్చిరాములు వాళ్ళది మా పక్క సందు. వాళ్ళకు ఆడపిల్లలు లేరు. వాళ్ళింటికి ఒక్క పీపా కూడా రాదు. పాపం, సత్తువ ఎరగని ఇల్లు అని అమ్మ వాళ్ళ మీద జాలిపడేది. పరుగు పందెంలో ఎప్పుడూ గెలిచేది వాళ్ళ కొడుకులే. వాళ్ళ పళ్ళు తెల్లగా ఉండేవి. సత్తువ లేక పళ్ళు పాలిపోయాయని మేం వాళ్ళను ఏడిపించేవాళ్ళం.

నా మోకాళ్ళు కూడా గుర్తొచ్చాయి. అమ్మ ఇంట్లో పొద్దున లేవగానే కాసేపు గోడ పట్టుకుంటే కానీ నడవలేకపోయేదాన్ని. ఇక్కడికి వచ్చిన కొన్నాళ్ళకు అది పోయింది. ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు. ఇక్కడ పని తక్కువ కదా అనుకున్నాను.

బడి వదలగానే తొట్టి సందులో ఉన్న మా మేనత్త ఐలవ్వ దగ్గరికి వెళ్ళాను. మోకాళ్ళ మాట అడిగాను. నాకూ అంతేనే, పెళ్ళయినంక తగ్గింది, నా మొగుడు మంచోడు కాబట్టి తగ్గిందనుకున్న అని నవ్వింది. సత్తువ నీళ్ళు మానడం వల్లే మనిద్దరికీ తగ్గిందేమో అన్నాను. ఆమె చేతిలో ఒలుస్తున్న చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. నేను లేచి వస్తుంటే కూడా తలెత్తలేదు.

మా ఆయనకు చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు. చెంబెడు నీళ్ళు తెచ్చింది తనే కాబట్టి గిన్నె చూపిస్తే నమ్మాడు. నువ్వే నాయనకు చెప్పు అన్నాడు. తలుపు చాటున నిలబడి మామయ్యకు చెప్పాను. గొంతు రాలేదు. ఇంకోసారి చెప్పమన్నారు. కొంగు తీసేసి, ఎదురుగా వచ్చి నిలబడి చెప్పాను. నా పళ్ళు చూడండి అని కూడా అన్నాను. అలా అంటానని నేనే అనుకోలేదు.

ఆయన చూశారు. తర్వాత మీ నాయనమ్మ నిటారుగా అసలే నిలబడలేదా అని అడిగారు. లేదన్నాను. ఆయన గడప మీద కూర్చున్నారు.

“మా నాయిన నేర్పిండు బిడ్డా. ఎంత గట్టిగ కాస్తె అంత మర్యాద అన్నడు. ఇన్నేండ్లు నా చేతులతోనే కాసిన.”

అత్తమ్మ పీపా సంగతి అడిగింది. మణెమ్మ కోసం కాచిన పీపా ఇందాకే తాడు బండిలో దిగువకు పోయిందని ఆయన చెప్పారు. తానే మోసి ఎక్కించారట. ఆ మాట చెప్పి అరచేతులు చూసుకున్నారు. తర్వాతి బండికి నన్నూ మా ఆయననూ పోయి ఆపమన్నారు. మీరు కూడా వెళ్ళండని అత్తమ్మ అంటే, ఏ ముఖంతో పోను అన్నారు.

అయిదో పాఠం

టీచరమ్మా, ఇది అమ్మ ఇంటి నుంచి రాస్తున్నాను. పలక వెంట తెచ్చుకున్నాను. పిల్లల గది ఇవాళ ఎవరు చూసుకున్నారో తెలియదు.

మేము వచ్చేసరికి పీపాకు బొట్లు పెట్టి, అరుగు మీద దింపి ఉంది. మొదటి గ్లాసు మణెమ్మ చేతిలో ఉంది. ఇంకా తాగలేదు, చాలా చేదుగా ఉందని ముఖం చిట్లించి కూర్చుంది. ఆగు అన్నాను. మా ఆయన అల్లుడి మర్యాదకు వాకిట్లోనే ఆగాడు.

అమ్మకు మొత్తం చెప్పాను. మరుగు గది అడుగు, గిన్నె, ఇసుక, నాయనమ్మ, లింగం కాళ్ళు, బుచ్చిరాములు కొడుకులు, నా మోకాళ్ళు. ఒక్కటి కూడా వదల్లేదు. అమ్మ మొదట నవ్వింది. ఇవన్నీ ఎవరు చెప్పారే అంది. చిన్నపిల్లలకు పాఠం చెప్తుంటే తెలిసిందన్నాను. అప్పుడు ఆమె నవ్వు పోయింది.

“పీపా పంపుడు బరువైందా మీ అత్తోళ్ళకు? గదేదో సక్కగ చెప్పుమను. నీళ్ళ మీద వంక పెట్టుడెందుకు?”

కాదని ఒట్టు పెట్టుకున్నాను. నాయనమ్మ నేలవైపు చూస్తూనే, ఎగువోళ్ళు కొత్తగా తెలివి మీరారు అంది. అమ్మ నన్ను పక్కకు తోసి, తాగవే ఏం కాదు అని మణెమ్మకు చెప్పింది. మణెమ్మ నన్ను చూసింది, అమ్మను చూసింది, గ్లాసు పెదవులకు ఆనించింది.

అప్పుడు నేను అబద్ధమాడాను. ఎలా వచ్చిందో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది.

“నేను తప్పు చేసిన అమ్మా. వాళ్ళు నన్ను ఒల్లమంటున్నరు. పీపా మర్ల తెమ్మన్నరు.”

అమ్మ ముఖం తెల్లబోయింది. ఒక్క అడుగులో వెళ్ళి మణెమ్మ చేతిలో గ్లాసు లాక్కుని పీపాలో పోసింది. నా బిడ్డను వద్దన్న ఇంటి నీళ్ళు ఈ ఇంట్లో ఎవరూ ముట్టొద్దంది. ఎముకలు వంగిపోతున్నాయంటే కదలని మనిషి, నా పరువు పోయిందనగానే కదిలింది. నా తప్పేమిటని కూడా అడగలేదు.

అమ్మ వాకిట్లోకి వెళ్ళి మా ఆయనను నోటికి వచ్చినట్టు తిట్టింది. ఆయన లోపలి మాటలన్నీ విన్నాడు. కాదనొచ్చు. అనలేదు. తల వంచుకుని పీపా భుజానికెత్తుకుని బండి దగ్గరికి నడిచాడు. సందులో అందరూ చూశారు. ఆయన వెనక పిల్లలు కేకలు వేశారు.

పోనీ, ఇంతటితో అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఎదురింటి పోశక్క వచ్చింది. ఆమె మనసు వెన్న. అమ్మను పట్టుకుని ఓదార్చింది, నా తల నిమిరింది. ఆమె చేతిలో చెంబు ఉంది.

“ఏడ్వకు వదినె. మా బిడ్డ అత్తోళ్ళు తప్పకుంట పంపుతరు. కాన్పు దాక మణెమ్మకు మా సత్తువనే తాపు.”

అమ్మ కళ్ళు తుడుచుకుని ఆ చెంబు తీసుకుంది, గ్లాసు నింపింది. పోశక్క వెనకాల ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా కొంగు చాటున చెంబులు పెట్టుకుని వస్తున్నారు. సందులో ప్రతి అరుగు మీదా పసుపు బొట్ల పీపా ఉంది. పుట్టిన నాటి నుంచి చూస్తున్న సందే. అన్ని పీపాలున్నాయని నేను ఎన్నడూ చూడలేదు.

గ్లాసు మణెమ్మ చేతికి అందేలోపు నేను తీసుకున్నాను. చెంబు కూడా లాక్కున్నాను. రెండూ నేల మీద పారబోశాను.

టీచరమ్మా, మీకు చెప్పక్కర్లేదు. తొట్టి కడిగిన నీళ్ళను కూడా గుడ్డతో అద్దుకునే మనుషులం మనం. నీళ్ళు కావాలని నేల మీద పోయడం ఆ వాడలో ఎవరూ చూసి ఉండరు. నేనూ చూడలేదు. నీళ్ళు రాతి మీద పాకుతూ పోశక్క పాదాల దాకా వెళ్ళాయి. ఆమె కాళ్ళు కూడా తీయలేదు. నాయనమ్మ వంగిన నడుముతోనే ఒక అడుగు వెనక్కి వేసింది. అమ్మ చెయ్యెత్తింది. ఆ చెయ్యి నా మీద పడలేదు, గాలిలోనే ఉంది.

చిన్నపిల్లల గదిలో వెనక వరసకు కూడా అందని నా గొంతు, అప్పుడు సందు చివరి దాకా వెళ్ళింది.

“నన్ను ఎవ్వరు ఒల్లమనలేదు. నేను అబద్ధం చెప్పిన. ఎందుకు చెప్పిన్నో చెప్త. కూసోండ్రి.”

ముందు పోశక్క కూర్చుంది, తడి నేల మీదే. కోపంతోనో, కాళ్ళలో బలం లేకో తెలియదు. చెంబులు పట్టుకున్న ఇద్దరూ కూర్చున్నారు. మణెమ్మ కడుపు పట్టుకుని గోడకు ఆనుకుంది. పొయ్యి దగ్గర నుంచి బొగ్గు ముక్క తీసుకుని నేల మీద పెద్ద కుండ గీశాను. నువ్వు చెమట అని పోశక్కకు చెప్పాను. నువ్వు ఉచ్చ అని పక్కామెకు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. తెల్లది ఎవరని అడిగి అందరివైపూ చూశాను.

అమ్మ కూర్చోలేదు. తలుపుకు ఎదురుగా, నాకు వీపు పెట్టి నిలబడింది. వెళ్ళిపోతుందనుకున్నాను. చెయ్యి తలుపు మీద పెట్టి అలాగే ఉంది, వెళ్ళలేదు. నేను ఆవిరి దగ్గర మొదలుపెట్టాను.